సగంలో ఆగిన జడకోలాటం

మా వియ్యపురాలు గారు పోయారన్న కబురు ఆదివారం పొద్దున్న వచ్చింది. మా కోడలు ఫోను చెవికి ఆనించుకుని వింటూనే వంటింటి గుమ్మంలో కూలబడిపోయింది. చేసింది వాళ్ళ అన్నయ్య. తెల్లవారుజామున ఆయాసంగా ఉందన్నారట, ఆటోలో భీమడోలు ఆసుపత్రికి తీసుకువెళుతుంటే చెరువుల గట్టు దాటకముందే ప్రాణం పోయిందట. నేనప్పుడు ముందుగదిలో కూర్చుని బడిపిల్లల లెక్కల కాగితాలు దిద్దుతున్నాను. కోడలి ముఖం చూశాను. చూసి కూడా, చేతిలో ఉన్న కాగితం చివరిదాకా దిద్ది, మార్కులు వేసి, కలానికి మూత పెట్టి అప్పుడు లేచాను. అలా ఎందుకు చేశానని ఎవరూ అడగలేదు. నేనే అడుగుతున్నాను.

ఆవిడను పొగడడానికి ఇది రాయడం లేదు. పొగిడితే ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. మా రెండు కుటుంబాలు కలిసిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను కోరింది ఒక్కటే, ఒక శనివారం. అది తన కోసం కూడా కాదు, బడిపిల్లల కోసం. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. ఇప్పుడు ఇద్దామంటే అది నా చేతిలో లేదు.

పెళ్ళిమాటలకు మొదటిసారి ఏలూరులో మా ఇంటికి వచ్చినప్పుడు, ఆవిడ కళ్ళు గోడమీది కాగితం మీద పడ్డాయి. ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేవాలి, స్నానం ఎప్పుడు, భోజనం ఎప్పుడు అని నేను రాసి అంటించినది. కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు.

"ఏవండీ వదిన గారూ, ఇందులో మా అమ్మాయి తుమ్మడానికి టైము ఎక్కడుందండీ?"

"రెండు దాటాక అందరూ పడుకుంటారండి. అప్పుడు తుమ్మమనండి," అన్నాను.

"అయితే సంబంధం ఖాయం చేసుకుందాం లెండి. జవాబు చెప్పే మనిషి ఉన్న ఇల్లు," అన్నారు.

ఇద్దరం జీతం తెచ్చుకుని రిటైరైన వాళ్ళమే. నాది అత్తిలి. డిగ్రీ చదువుకుని, ఒక ఆఫీసులో పద్దుల విభాగంలో సర్వీసు పూర్తిచేశాను. ఆవిడ కొల్లేటి అంచున లంక ఊళ్ళలో ప్రాథమిక పాఠశాల టీచరు. నీళ్ళ కాలంలో బడికి పడవ మీద వెళ్ళేవారట. పడవ ఆలస్యమైతే పిల్లలు గట్టు మీద ఏదో ఆట మొదలుపెట్టేవారట. ఈవిడ దిగి వాళ్ళను లోపలికి తోలకుండా, "ఆట కానివ్వండర్రా, ఈలోగా నేను కుచ్చిళ్ళు పిండుకుంటాను" అనేవారట. ఇది ఆవిడే నాకు చెప్పారు. ప్రభుత్వం జీతం ఇచ్చేది కుచ్చిళ్ళు పిండుకోవడానికా అన్నాను. "ఆట మధ్యలో లాక్కొచ్చిన పిల్ల గంటసేపు ఆటలోనే ఉంటుందండి. అయ్యాక వచ్చిన పిల్ల బడిలో ఉంటుంది. నాకేది లాభం చెప్పండి, లెక్కలు మీకే తెలుసుగా," అన్నారు.

మా మనవరాలిని మా వీధి చివర మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో వేయాలని పట్టుబట్టింది నేనే. అక్కడ శనివారం పిల్లలు పుస్తకాల సంచి తేనక్కర్లేదు. ఆ రోజు బొమ్మలు, పాటలు, చేతిపనులు చెప్పాలి. చెప్పడానికి ప్రత్యేకంగా మనిషి లేరు. హెడ్మాస్టారు తల్లిదండ్రుల సమావేశంలో, తెలిసినవాళ్ళుంటే చూడండమ్మా అన్నారు. ఆ మాట మా కోడలు వాళ్ళ అమ్మకు ఫోనులో చెప్పింది. అంతే, వచ్చే శనివారానికి ఆవిడ భీమడోలులో రైలెక్కి దిగారు. ఒక చేతిలో తేగల కట్ట, రెండో చేతిలో కోలాటం కర్రల మూట.

మూడేళ్ళు అలా వచ్చారు. పిల్లలు ఆవిడను కోలాటం అమ్మమ్మ అనేవారు. ఉదయం ఇంటర్వెల్ బెల్లుకు ముందే వచ్చి వరండా మెట్టు మీద కూర్చునేవారు. పిల్లలు జట్లు కట్టుకోవడం, అలగడం, కలవడం చూస్తూ ఉండేవారు. ఎవరైనా కొట్టుకుంటే కొత్త టీచరమ్మ లేవబోయేది. "కూర్చోండమ్మా, వాళ్ళ కోర్టు వాళ్ళకుంది. తీర్పు నచ్చకపోతే మన దగ్గరికే వస్తారు," అనేవారు. చాలాసార్లు రాలేదు.

మామూలు కోలాటం వచ్చాక, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు జడకోలాటం మొదలుపెట్టారు. చూడనివారి కోసం చెబుతాను. మధ్యాహ్న భోజనాల రేకుల షెడ్డు దూలానికి ఎనిమిది తాళ్ళు వేలాడదీశారు. పాత చీరలు చింపి ఆవిడే పేనిన తాళ్ళు, ఒక్కోటి ఒక్కో రంగు. తాడుకొక పిల్ల. ఐదో తరగతి వాళ్ళు నలుగురు ఒకవైపు తిరుగుతారు, నాలుగో తరగతి నలుగురు ఎదురు తిరుగుతారు. ఒకరి తాడు కింద నుంచి ఒకరు, ఒకరి పక్కగా ఒకరు, పాటకు అడుగు వేస్తూ కర్ర కర్ర తగిలిస్తూ వెళుతుంటే పైన దూలం దగ్గర నుంచి తాళ్ళు జడలా అల్లుకుంటూ దిగుతాయి. పాట సగమయ్యాక అదే అడుగు వెనక్కి వేస్తారు, జడ విడిపోతుంది. ఒక్క పిల్ల తప్పినా చిక్కుపడుతుంది. చిక్కుపడితే ఆవిడ నిచ్చెన తెప్పించేవారు కాదు. ఎక్కడ తప్పామో అక్కడిదాకా పిల్లలు అడుగులు వెనక్కి వేసుకుంటూ పోయి విప్పాల్సిందే. "చేత్తో విప్పితే చీరపేలికలు మిగులుతాయి. అల్లిన కాళ్ళే విప్పాలి," అనేవారు. అది వాళ్ళ ఊరి పద్ధతట.

మా మనవరాలిది పసుపు తాడు. బడి నుంచి వచ్చి, అన్నం కంచం ముందు కూర్చుని కూడా భుజాలు ఊపేది. నేను కోప్పడేదాన్ని.

పోయినేడు అది ఐదో తరగతికి వచ్చింది. ఆరో తరగతికి తాడేపల్లిగూడెం వైపు ఉన్న ఒక హాస్టలు బడిలో సీటు రావాలంటే జనవరిలో ప్రవేశ పరీక్ష రాయాలి. బడి తల్లిదండ్రుల కమిటీ సమావేశాలకు కోడలికి సెలవు దొరకదు కాబట్టి ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని. ఆ రోజు బోర్డు దగ్గర నిలబడి లెక్క కట్టి చూపించాను. రోజూ రెండు ఇంటర్వెళ్ళు, శనివారం గంటన్నర కోలాటం, అన్నీ కలిపితే ఏడాదిలో ఇన్ని పనిదినాలు ఆటకే పోతున్నాయని గీత గీసి మొత్తం వేశాను. ఒక్క ఐదో తరగతి వాళ్ళ మట్టుకు ఆ సమయం పరీక్షకు ఇవ్వమన్నాను, లెక్కలు నేనే ఉచితంగా చెబుతానన్నాను. తల్లులు, తండ్రులు ఆ అంకె వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. హెడ్మాస్టారు అలాగే చేద్దామన్నారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేస్తూ విషయం విన్నారు వియ్యపురాలు గారు.

"మీ లెక్కలో తప్పుండదండి. పిల్ల ఎక్కడుందో వెతుక్కుంటున్నాను," అన్నారు.

"పిల్ల సీట్లో ఉంటుంది లెండి, వచ్చే ఏడాది."

"అక్కడ ఇంటర్వెల్ ఉంటుందా?"

"మీకంతా ఆటేనండీ," అన్నాను.

"నా ఉద్యోగమే అదిగా. మీరు కూడికలు, నేను తీసివేతలు," అని పెరుగు వడ్డించుకున్నారు. మాట పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. వాదనలో నన్ను ఓడించడం కష్టం, కానీ ఆవిడ గట్టిగా ఒక్కసారి వద్దని ఉంటే నేను ఆగేదాన్నేమో. ఇదీ ఇప్పుడు నన్ను నేను ఊరడించుకోవడానికి చెబుతున్న మాటే కావచ్చు.

మరుసటి వారం కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. శనివారం నేను ప్రశ్నల కాగితాలు పట్టుకుని షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా పాట నడుస్తోంది. జడ సగం అల్లుకుంది, ఇంకా వెనక్కి తిరగలేదు. నా చేతి గడియారం ప్రకారం సమయం అయింది.

"ఐదో తరగతి, రండర్రా," అన్నాను.

పాట ఆగింది. నలుగురూ ఆవిడ వైపు చూశారు.

"రెండు నిమిషాలండీ వదిన గారూ, విప్పేసి పంపిస్తాను," అన్నారు ఆవిడ.

"మొదటి రోజే రెండు నిమిషాలంటే రేపు పది అవుతాయండి."

ఆవిడ పిల్లల వైపు తిరిగారు. "వెళ్ళండమ్మా, మామ్మగారు పిలుస్తున్నారు," అన్నారు. నలుగురూ తాళ్ళు వదిలి వచ్చారు. మా మనవరాలు పసుపు తాడు చివర ముడి వేసి మరీ వదిలింది. నాలుగో తరగతి పిల్లలు నలుగురు తాళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు. వాళ్ళ అడుగు వాళ్ళకు వచ్చు గానీ ఎదురు వచ్చేవాళ్ళు లేందే అది పడదు. కాసేపటికి ఆవిడ వాళ్ళ చేతుల్లోంచి కూడా తాళ్ళు తీసుకుని, చిన్నపిల్లలు లాగకుండా ఎనిమిదీ కలిపి పక్కనున్న స్తంభానికి కట్టేశారు.

ఆ తర్వాత కూడా శనివారాలు వచ్చారు. మిగిలిన పిల్లలతో ఆ స్తంభం పక్కనే మామూలు కోలాటం వేయించేవారు. ఓ రోజు నాతో, "ఒక్క శనివారం ఇప్పించండి. ఆ జడ విప్పించేసి మళ్ళీ నలుగురినీ మీకే అప్పజెబుతాను. పిల్లలు పడుకునేటప్పుడు కూడా అదే తలుచుకుంటున్నారట, మా అమ్మలు చెప్పింది," అన్నారు. అమ్మలు అంటే మా మనవరాలు. నాతో అది ఆ మాట చెప్పలేదు. పరీక్ష అవనివ్వండి, తప్పకుండా ఇస్తానన్నాను. పరీక్ష అయింది. మరో పరీక్ష ఉంది, అదీ రాయిద్దామన్నాను. అదయ్యేసరికి ఒంటిపూట బడులు వచ్చాయి, ఎండలకు శనివారం కార్యక్రమాలు ఆగిపోయాయి. ప్రతిసారీ నా దగ్గర సరైన కారణమే ఉంది.

సీటు వచ్చింది. మా వీధి బడి నుంచి మా మనవరాలికీ ఇంకో పిల్లకీ వచ్చింది. కబురు విని వియ్యపురాలు గారు పూతరేకులు పట్టుకుని వచ్చారు. మనవరాలి నోట్లో పెట్టారు, తర్వాత నా నోట్లో కూడా పెట్టారు. "మీ కష్టమేనండి ఇది," అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే ఈ నాలుగు నెలలు కొంచెం తేలికగా గడిచేవి. జూన్‌లో పిల్లను హాస్టల్లో దింపడానికి ఆవిడ కూడా వచ్చారు. గేటు దగ్గర దాని చెవిలో ఏదో చెప్పారు. అది నవ్వింది. ఏం చెప్పారని దారిలో అడిగాను. "అక్కడ ఎవరికైనా కోలాటం వచ్చేమో కనుక్కోమన్నాను, అంతేనండి," అన్నారు. బడి తెరిచాక మళ్ళీ శనివారాలు వద్దామనుకున్నారు. కాళ్ళవాపు, ఆయాసం, డాక్టరు వద్దన్నాడు. వచ్చే నెల వస్తా వచ్చే నెల వస్తా అంటూనే శ్రావణం వచ్చింది.

ఆవిడ పదో రోజు అయ్యాక మనవరాలిని తిరిగి హాస్టలుకు పంపేముందు ఒక పూట ఏలూరులో ఉంచాం. సాయంత్రం బడి వైపు వెళదామంది. గేటు తీసే ఉంది. షెడ్డులో ఆ తాళ్ళు అలాగే ఉన్నాయి, దుమ్ము పట్టి ఎనిమిది రంగులూ ఒకే రంగుకు వచ్చాయి. అది స్తంభం దగ్గరికి వెళ్ళి ముడి ఉన్న తాడు వెతుక్కుంది. దాన్ని స్తంభం నుంచి విడదీసి పట్టుకుని, చిన్నగా పాట అనుకుంటూ, వెనక్కి అడుగు వేసింది. ఎదురుగా ఎవరో వస్తున్నట్టు పక్కకు తప్పుకుంది, ఎవరి తాడో దాటినట్టు తల వంచింది. రెండు మూడు చుట్లు అలా తిరిగింది. పైన జడ మాత్రం కదలలేదు. మిగతా ఏడు తాళ్ళు దాన్ని పట్టుకునే ఉన్నాయి.

"నిచ్చెన తెప్పించి విప్పిద్దామా అమ్మలూ?" అన్నాను.

"వద్దు మామ్మా. అమ్మమ్మకి ఇష్టం ఉండదు."

"మరి నీతో తిరిగిన ఆ ముగ్గురినీ పిలిపిస్తాను."

"ఒకళ్ళు భీమవరం వెళ్ళిపోయారు. ఒకళ్ళు ఎక్కడో తెలీదు," అని తాడు యథాప్రకారం స్తంభానికి కట్టింది. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసింది. దాని చేతుల్లో అమ్మమ్మ తీరు కనబడి నేను అటు తిరిగాను.

ఆ వారమే కమిటీ సమావేశం. వెళ్ళి, ఐదో తరగతికి ఇంటర్వెల్, శనివారం తిరిగి ఇచ్చేయమని అడిగాను. ఈ వయసు పిల్లలకు ఆట ఎందుకు కావాలో నాకు తెలిసినంతలో చెప్పాను. అంకె లేకుండా మాట్లాడడం నాకు అలవాటు లేదు.

ఆటో నడిపే ఒక తండ్రి లేచాడు. మర్యాదస్తుడు. చేతులు కట్టుకునే మాట్లాడాడు.

"తప్పుగా అనుకోకండి మామ్మగారూ. పోయినేడు ఈ బోర్డు మీద మీరే కదండీ వేసి చూపించింది, ఆటకి ఇన్ని రోజులు పోతున్నాయని. నేను ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పానండి. మీ పాపకి సీటొచ్చింది, సంతోషం. మా పిల్ల ఇప్పుడే ఐదుకొచ్చింది. దాని వంతు వచ్చేసరికి ఆట కావాలంటే ఎట్లాగండి?"

ఎవరూ నవ్వలేదు. అందరూ నా జవాబు కోసం చూశారు.

"పోనీ బడికి ముందు చెబుతాను. ఇంటర్వెల్ వదిలేయండి," అన్నాను.

"పొద్దున్నే నేను చెరువుల దగ్గర రొయ్యల పనికి పోతానండి. పిల్లని ఎవరు దింపుతారు?" అందొక తల్లి.

"అయితే సాయంత్రం."

"మా పెద్దది తమ్ముడిని అంగన్‌వాడీ నుంచి తెచ్చుకోవాలండి," అంది ఇంకొకామె.

వాళ్ళు చెప్పినవన్నీ నిజాలే. పోయినేడు నేను ఎవరి ఇంటి సంగతీ అడగలేదు కాబట్టి నాకు తెలియలేదు. హెడ్మాస్టారు నా వైపు చూసి, "మీరు పెట్టిన పద్ధతే బాగుందంటున్నారమ్మా. మీరు చెప్పలేనంటే వాళ్ళు ఎవరినైనా ట్యూషన్ మనిషిని చూసుకుంటామంటున్నారు," అన్నారు. ఎవరో బెత్తంతో వచ్చి కూర్చోవడం కంటే నేనే నయం అనుకున్నాను. అది నిజమో, ఇల్లు కదలకుండా ఉండలేని నా అలవాటో చెప్పలేను. నేనే వస్తానన్నాను.

నేను వేసిన మొత్తంలో తప్పు లేదు. ఈమధ్య మళ్ళీ వేసి చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. అందుకే దాన్ని ఎవరూ చెరపలేకపోతున్నారు, నాతో సహా. ఈ సంగతి చెప్పుకుని నవ్వడానికి నాకు తగిన మనిషి ఒకే ఒక్కరు.

నిన్న శుక్రవారం. ఉదయం ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. ఒకటి నుంచి నాలుగు దాకా పిల్లలంతా ఒక్కసారి బయటపడ్డారు. ఐదో తరగతి గదిలో పదకొండు మంది కూర్చునే ఉన్నారు. భిన్నాల లెక్క బోర్డు మీద రాసి ఇచ్చాను. కిటికీలోంచి బయటి కేకలు వస్తున్నాయి. ఎవరో ఒకటీ రెండూ లెక్కపెడుతున్నారు, ఎవరో దొంగ ఆట అని అరుస్తున్నారు. వీళ్ళు మాత్రం మంచి పిల్లలు, తలలు వంచుకుని చేస్తున్నారు.

సుద్దముక్క కింద పడితే వంగాను. బల్లల కింద కాళ్ళు కనిపించాయి. పోయినేడు నాలుగో తరగతిలో తాడు పట్టుకున్న నలుగురూ మొదటి రెండు బల్లల్లో ఉన్నారు. వాళ్ళ పాదాలు కదులుతున్నాయి. కుడి, ఎడమ, మడమ ఒత్తి మళ్ళీ కుడి. నేల మీద చప్పుడు కాకుండా. వెనక బల్లల వాళ్ళు వాళ్ళను చూసి నేర్చుకున్నారు కాబోలు, ఒకటి రెండు అడుగులు వెనకబడి వాళ్ళూ వేస్తున్నారు. పైన పెన్సిళ్ళు నడుస్తూనే ఉన్నాయి.

నేను లేచి, వాళ్ళకు వీపు పెట్టి బోర్డు వైపు తిరిగాను. ఇంకో లెక్క రాయడం మొదలుపెట్టాను. అవసరమైన దానికంటే చాలా నెమ్మదిగా, ఒక్కో అంకె దిద్దుతూ రాశాను.

ఇంటర్వెల్ అయిందని మళ్ళీ బెల్లు కొట్టారు. వెనక్కి తిరిగి చూశాను. కాళ్ళు ఆగిపోయాయి. తల మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.